నచ్చిన సినిమా పేరు చెప్పనీకి సిగ్గెందుకు?

ఊరు ఇడిసి పట్నం పోయిన పిలగాండ్లకు, ఆడపిల్లలకు ఒక ప్రశ్న తప్పకుండ ఎదురైతది. హాస్టల్ల గానీ, కోచింగ్ సెంటర్ల గానీ, కొత్త ఆఫీసుల గానీ ఎవరో ఒకరు అడుగుతరు: ‘నీ ఫేవరెట్ మూవీ ఏంది?’ అడిగినోళ్ల మనసుల ఏం ఉండకపోవచ్చు. మాట కలిపేతందుకే అడుగుతరు. కానీ మనోళ్లు జవాబు చెప్పే ముందు జరంత ఆగుతరు. నోటిదాక వచ్చిన పేరును మింగి ఇంకో పేరు చెప్తరు. చిరంజీవి సినిమా అనాల్నని ఉంటది, ఇరాన్ సినిమా అంటరు. బోయపాటి సినిమాకు మూడుసార్లు పోయి ఉంటరు, ‘తెలుగు సినిమాలు పెద్దగ చూడను’ అంటరు.

ఎందుకు మింగుతరు? నిజం చెప్తే ఏమైతదో వాళ్లకు ముందే ఎరుక. ‘అదీ ఒక సినిమానేనా?’ అని ఒకరు నవ్వుతరు. ‘నీ టేస్ట్ గింతేనా?’ అని ఇంకొకరు అంటరు. అక్కడికెల్లి ఆ పిలగాడు ఏం మాట్లాడినా ఆ సినిమా అద్దంలకెల్లే చూస్తరు.

దీన్ని ఇంగ్లిష్‌ల స్నాబరీ అంటరు. మన దిక్కు దీనికి అంతకన్నా మంచి మాట ఉంది. గీర. చదువు గీర, పైసల గీర ఉన్నట్టే సినిమా గీర కూడా ఉంటది. సినిమా బాగలేదు అనుడు గీర కాదు. పైసలు పెట్టి చూసినోడికి ఆ మాట అనే హక్కు ఉంది. ఆ సినిమా నచ్చినోడే తక్కువోడు అనుడు గీర. మొదటిది సినిమా మీద తీర్పు, రెండోది మనిషి మీద తీర్పు. ఈ రెండింటి నడుమ తేడా తెల్వకనే సగం లొల్లులు అయితున్నయ్.

నేల నుంచి సీ సెంటర్ దాక

ఈ గీర ఇయ్యాల పుట్టింది కాదు. టాకీస్ కట్టిన నాడే మనుషుల నడుమ గీతలు గీసిన్రు. తెర ముందట నేల, దాని ఎనక బెంచి, ఆ ఎనక కుర్చీ, పైన బాల్కనీ. అందరు చూసేది ఒకటే బొమ్మ. కానీ కూసున్న జాగను బట్టి మనిషికి ఒక పేరు పడ్డది. ‘నేల టికెట్ బ్యాచ్’ అనే ఎక్కిరింపు అక్కడికెల్లి వచ్చిందే. టాకీసుల నేల క్లాసు ఎప్పుడో పోయింది, ఆ మాట మాత్రం పోలేదు.

తర్వాత సినిమా వ్యాపారం చేసేటోళ్లు ఊర్లకు కూడా క్లాసులు పెట్టిన్రు. పెద్ద నగరాలు ఏ సెంటర్, పట్టణాలు బీ సెంటర్, చిన్న ఊర్లు సీ సెంటర్. వాళ్లకు అది లెక్కల ముచ్చట. ఏడ ఎన్ని రోజులు ఆడుతది, ఎంత వసూలైతది అని చూసుకునేతందుకు పెట్టుకున్న గుర్తు. కానీ ఆ మాట లెక్కల పుస్తకం దాటి మనుషుల మీద పడ్డది. ‘ఇది బీ, సీ సెంటర్ల సినిమా’ అంటే ‘తెలివి తక్కువోళ్ల సినిమా’ అన్న అర్థం వచ్చింది.

ఇంకో సంగతి మన తమ్ముండ్లకు, చెల్లెండ్లకు తెల్వాలె. రీళ్ల కాలంల సినిమా అన్ని ఊర్లకు ఒకటే రోజు వచ్చేది కాదు. ప్రింట్లు తక్కువ, ఒక్కో ప్రింటుకు ఖర్చు ఎక్కువ. ముందు పట్నంల ఆడాలె, తర్వాత పెద్ద టౌన్ల ఆడాలె, ఆఖరుకు మన మండలం టాకీసుకు రావాలె. మన కాడికి వచ్చేసరికి రీలు మీద గీతలు పడి ఉండేటియి, నడుమ తెగిపోయి అతికిచ్చి ఉండేటియి. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చినంకనే ఊరు, పట్నం ఒకటే రోజు ఒకటే బొమ్మ చూసుడు మొదలైంది. అంటే చానా ఏండ్లు పల్లెటూరోడు పట్నపోడు చూసి ఇడిసిపెట్టిన ప్రింటు చూసిండు. ఆ గీతల రీలుకే ఈలలేసిండు. 1977లో ‘అడవిరాముడు’, 1983లో ‘ఖైదీ’ అంత పెద్ద హిట్లు అయినయంటే, నేల మీద కూసోని మళ్ల మళ్ల చూసిన జనం లేకుండ అయ్యేటియా? మన పైసలు కావాలె గానీ మన ఇష్టం మాత్రం చులకన.

‘నాటు’ అనే మాటనే తీసుకోరి. కోడి ముందట పెడితే ధర పెరుగుతది. మనిషి ముందట పెడితే ఇజ్జత్ తగ్గుతది. 2023 మార్చిల ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని నాటు పాటకు ఆస్కార్ వచ్చింది. అది రాసిన చంద్రబోస్ ఇప్పటి భూపాలపల్లి జిల్లా చల్లగరిగ బిడ్డ. ఆ తెల్లారి నుంచి నాటు అనే మాట అందరికి గొప్పదైంది. మంచిదే. కానీ బయటోడు మెచ్చుకునేదాక మన మాటను మనం మెచ్చుకోనీకి ఎందుకు ఆగాలె?

ఎంట్రీ పాటకు తాత ఉన్నడు

మాస్ సినిమా మీద ఎక్కువ ఇనిపించే ఎక్కిరింపు హీరో ఎంట్రీ గురించి. ‘గాలి ఎందుకు లేస్తది? ధూళి ఎందుకు ఎగురుతది? మామూలుగ నడిచి రారాదా?’ అని అడుగుతరు. అడిగెటోళ్లు చిందు భాగోతం గానీ, యక్షగానం గానీ, కూచిపూడి కలాపం గానీ చూసి ఉండరు. అండ్ల పాత్ర ఊకనే నడిచి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటరు. దాని ఎనకకెల్లి గజ్జెల సప్పుడు ఇనిపిస్తది. తానెవరో, ఎంత గొప్పోడో చెప్పుకుంట పాత్ర పాట పాడుతది. దాన్ని ప్రవేశ దరువు అంటరు. తెర తీసేసరికి జనం ఊగిపోతరు. మైకులు లేని కాలంల, ఊరు మొత్తం కూసున్న బజార్ల, ఆఖరు వరుసల ఉన్న ముసలామెకు కూడా పాత్ర ఎవరో తెల్వాలంటే అట్లనే చెయ్యాలె. గొంతు పెంచాలె, చెయ్యి పెద్దగ ఊపాలె, కండ్లు తిప్పాలె.

మన మాస్ సినిమా ఎంట్రీ పాట ఆ దరువుకు మనుమడు అని నేను అనుకుంట. దాన్ని ‘ఓవర్ యాక్షన్’ అనేటోళ్లు ఒక ఆట రూల్స్ పట్టుకొచ్చి ఇంకో ఆటను తూకం ఏస్తున్నరు. కబడ్డీ కాడికి వచ్చి ‘బ్యాట్ ఏది?’ అని అడిగినట్టు.

ఇది నెమ్మదిగ నడిచే సినిమాలకు కూడా వర్తిస్తది. ‘దాసి’ల కెమెరా కదలకుండ ఒక గడి గోడను చూపిస్తుంటే బోర్ అనిపించొచ్చు. కానీ ఆ గడిల చిక్కిన ఆడబిడ్డకు పొద్దు ఎంత సేపటికి పోతదో మనకు తెల్వాలంటే ఆ నిమ్మళం కావాలె. అది ఆ సినిమా రూల్. ఏ సినిమాకు ఆ సినిమా లోపల ఒక లెక్క ఉంటది. ఆ లెక్క పట్టుకున్నంక నచ్చకపోతే అది మన ఇష్టం. పట్టుకోకముందే ఎక్కిరిస్తే అది గీర.

ఎందుకు నచ్చింది అని అడిగితే

ఇష్టం అనేది మొగులు మీదికెల్లి ఊడిపడదు. ఫ్రాన్స్ దేశంల పియర్ బోర్డ్యూ అనే సామాజిక శాస్త్రవేత్త 1960ల కాలంల అక్కడి జనాన్ని ఏ పాటలు ఇష్టం, ఏ బొమ్మలు ఇష్టం అని అడిగి సర్వేలు చేసిండు. ఆ లెక్కలతోని 1979లో ‘డిస్టింక్షన్’ అనే పెద్ద పుస్తకం రాసిండు. ఆయన చెప్పిన ముచ్చట సూటిగ ఇది: మన ఇష్టాలు మనం పుట్టి పెరిగిన ఇంటి నుంచి, చదివిన చదువు నుంచి వస్తయ్. పైన ఉన్నోళ్లు తమ ఇష్టాన్నే ‘మంచి ఇష్టం’ అని ఖాయం చేస్తరు. కింద ఉన్నోళ్లను దూరం పెట్టేతందుకు దాన్ని గోడ లెక్క వాడుకుంటరు.

ఆ పుస్తకం సంగతి తెల్వకముందే మా ఇంట్ల ఇది చూసిన. మా బాపు మార్కెట్ యార్డుల హమాలీ పని చేసేటోడు. 1997లో ‘ఒసేయ్ రాములమ్మ’ వచ్చినప్పుడు మూడుసార్లు పోయిండు. సినిమాల కోసం పైసలు తగలేసే మనిషి కాదు. ‘ఏముంది బాపు అండ్ల?’ అని అడిగిన. ‘చిన్నప్పుడు దొర ఎదురొస్తే చెప్పులు చేతుల పట్టుకున్నం బిడ్డా. దొర కండ్లల్లకు సూటిగ చూసే మనిషిని తెర మీదనన్న చూసిన’ అన్నడు. ఆ సినిమాల లాజిక్ ఏడ తప్పిందో పది చోట్ల చూపియ్యొచ్చు. కానీ ఆయన చూసింది లాజిక్ కోసం కాదు. జీవితంల ఒక్కసారి కూడా చెయ్యలేకపోయిన పనిని రెండున్నర గంటలు చూసిండు.

మా చెల్లె కొరియా సీరియళ్లు చూస్తది. ఊర్ల పోరగాళ్లు ఎక్కిరిస్తరు. ‘ఆ మొఖాలు అన్ని ఒకటే తీరుగ ఉంటయ్, ఏం చూస్తవ్?’ అని. దానికి ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ యాదికున్నది. ‘అన్నా, అండ్ల పిలగాడు పిల్ల మాట ఆఖరిదాక ఇంటడు. నడుమ అడ్డం రాడు.’ ఆ ఒక్క మాటల మా ఊరి ఆడపిల్లల బతుకు ఎంత ఉందో ఆలోచన చేయరి. మా అమ్మ టీవీ సీరియల్ చూస్తది. పొద్దంత పత్తి ఏరి వచ్చి, వంట చేసి, ఆ అరగంటనే ఆమె కాళ్లు చాపుకుని కూసునేది. ఇంట్ల మొగోళ్లు ‘ఏం ఏడుపులే అవి’ అంటరు. గంటలకు గంటలు క్రికెట్ చూసినోడిని ఎవ్వరు ఏం అనరు. ఎవరి ఇష్టం మీద నవ్వుతున్నమో చూస్తే, ఎవరిని చులకనగ చూస్తున్నమో బయటపడతది.

ఒకరికి సినిమా అంటే అలసట తీరుడు, ఒకరికి కోపం తీరుడు, ఒకరికి కొత్త లోకం చూసుడు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలు ఊకనే అనలే.

జనానికి మంచి సినిమా అర్థం కాదా?

‘మామూలు జనానికి మంచి సినిమా ఎక్కదు’ అని ఒక మాట ఇనిపిస్తుంటది. చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. 1980ల ఒకే ఏడాది రెండు సినిమాలు వచ్చినయ్. ఒకటి కె. విశ్వనాథ్ తీసిన ‘శంకరాభరణం’. శాస్త్రీయ సంగీతం, నడీడు దాటిన కథానాయకుడు, ఫైట్లు లేవు. ఇంకోటి ‘మా భూమి’. గౌతమ్ ఘోష్ డైరెక్టర్, బి. నర్సింగరావు నిర్మాత. తెలంగాణ రైతాంగ పోరాటం కథ, స్టార్లు లేరు. రెండింటినీ జనం గుండెల పెట్టుకున్నరు. ఎన్టీఆర్ సినిమాకు ఈలేసిన జనమే శంకరశాస్త్రి కోసం కన్నీళ్లు పెట్టుకున్నరు. 1994లో ఆర్. నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’ను భూమి లేనోళ్లు సొంత కథ లెక్క చూసిన్రు.

2023 మార్చిల ‘బలగం’ వచ్చింది. సావు ఇల్లు, పిట్టకు పెట్టుడు, తెగిపోయిన అన్నదమ్ముల బంధం. ఊర్లల్ల తెరలు కట్టి, ఊరు ఊరంతా కూసోని ఏడ్చిన్రు. తీసిన వేణు యెల్దండి అంతకుముందు ఎవరు? సినిమాలల్ల చిన్న కామెడీ పాత్రలు, టీవీల ‘జబర్దస్త్’ స్కిట్లు చేసినోడు. ‘జబర్దస్త్ చూసెటోళ్లకు టేస్ట్ లేదు’ అనేటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఆ టేస్ట్ లేని కార్యక్రమంల నవ్విచ్చిన మనిషే మన సావుల ముచ్చటను అంత నిమ్మళంగ చెప్పిండు. ఆ సినిమాల మన ఊరి మీద పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది. క్లాస్ అనే గంప, మాస్ అనే గంప పక్కపక్కన పెట్టి మనుషులను ఏరి ఏద్దామంటే కుదరదు. ఒకే మనిషి రెండు గంపలల్ల ఉంటడు.

గీర రెండు దిక్కుల ఉంది

పట్నపోళ్లనే అని ఊకుంటే అది సగం న్యాయమే అయితది. మన దిక్కు కూడా గీర ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపుల ఎవడన్న ‘మల్లేశం’ బాగుందంటే ‘అవార్డు సినిమానా, నిద్ర గోలి వద్దు’ అని రాస్తరు. ‘దాసి’ గురించి మాట్లాడితే ‘పెద్ద మేధావి వచ్చిండు’ అంటరు. ఆ సినిమాకు అర్చన జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చుకుంది, ఆ కథ మన గడీల కథనే. అయినా చూసినోడు సొంతూర్ల పరాయోడు అయితడు. నెమ్మది సినిమా నచ్చినోడిని ‘పోజు కొడుతున్నడు’ అనుడు కూడా మనిషి మీద తీర్పే.

ఇగ ఫ్యాన్స్ లొల్లి చెప్పాల్సిన పనే లేదు. హీరో నచ్చలేదంటే తల్లిని, కులాన్ని లాగుతరు. 2023 మార్చిల ‘కేరాఫ్ కంచరపాలెం’ డైరెక్టర్ వెంకటేష్ మహా ఒక యూట్యూబ్ చర్చల ‘కేజీఎఫ్’ కథను, అండ్ల హీరో పాత్రను గట్టిగ ఎక్కిరించిండు. ఆయన వాడిన మాట చానామందికి నొప్పి తాకింది. ఆ సినిమా ఇష్టపడ్డోళ్లను కూడా అన్నట్టే అయింది. ఆ మాట వాడినందుకు తర్వాత ఆయన సారీ చెప్పిండు, అభిప్రాయం మాత్రం ఇడవలేదు. నా లెక్కల అదే సరైన గీత. అభిప్రాయం ఉంచుకో, తిట్టు ఎనకకు తీసుకో. కానీ ఆయన మీద సోషల్ మీడియాల పడ్డోళ్లు ఏం చేసిన్రు? తిట్టు తప్పు అని చెప్పేతందుకు అంతకన్నా పెద్ద తిట్లు తిట్టిన్రు. గీరకు గీర జవాబు కాదు.

అట్లయితే ఏం అనొద్దా?

‘ఎవరి ఇష్టం వాళ్లది’ అంటే ఇగ సినిమాల మీద మాట్లాడుడే బంద్ చెయ్యాల్నా అని అడుగొచ్చు. కాదు. గట్టిగ మాట్లాడాలె. అయితే మూడు సంగతులు ఇడగొట్టుకోవాలె.

ఒకటి, రుచి. నాకు ఫైట్లు నచ్చుతయ్, నీకు నచ్చవు. ఇండ్ల గెలుపు ఓటమి లేదు. వాదన చెయ్యనీకి కూడా ఏం లేదు.

రెండు, పనితనం. పాట జాగ తప్పింది, సెకండాఫ్ సాగింది, డైలాగ్ ఇనిపియ్యలేదు. ఇది మాట్లాడొచ్చు, చూపియ్యొచ్చు, ఒప్పియ్యొచ్చు. నచ్చిన సినిమాల కూడా పనితనం లోపాలు ఉంటయ్. అవి ఒప్పుకుంటే ఇష్టం తగ్గదు.

మూడు, హాని. పిల్ల వద్దంటున్నా ఎంటపడుడే ప్రేమ అని చూపిస్తే, ఒక కులాన్నో, ఒక యాసనో నవ్వులపాలు చేస్తే, దాన్ని ‘నా టేస్ట్’ అని దాచిపెట్టొద్దు. చానా ఏండ్లు మన యాసను రౌడీలకు, కామెడీ పాత్రలకే ఇచ్చినప్పుడు మనం అడిగినం గదా. అడగబట్టే ఇయ్యాల హీరో, హీరోయిన్లు మన యాసల మాట్లాడుతున్నరు. 2017ల ‘ఫిదా’ల భానుమతి మాట్లాడినప్పుడు పట్నపోళ్లు కూడా చప్పట్లు కొట్టిన్రు. అడగాలె. కానీ సినిమాను అడగాలె, తీసినోళ్లను అడగాలె. చూసి నవ్విన కూలి మనిషిని ‘నీకు బుద్ధి లేదు’ అనొద్దు.

రోజూ మాట్లాడుకునేటప్పుడు పనికొచ్చే చిన్న ఉపాయం ఒకటి ఉంది. ‘అదేం సినిమా?’ అనే జాగల ‘అండ్ల నీకు ఏం నచ్చింది?’ అని అడగాలె. మొదటి ప్రశ్నకు మనిషి మూతి ముడుస్తడు. రెండోదానికి కథ చెప్తడు. మా బాపును, మా చెల్లెను ఆ ప్రశ్న అడిగినందుకే వాళ్ల బతుకుల నాకు తెల్వని తలుపు తెరుసుకున్నది.

పోయేదేంది?

‘సినిమా ముచ్చటకు ఇంత రాసుడు అవసరమా?’ అనిపించొచ్చు. నేను డిగ్రీ చదివేటప్పుడు మా రూమ్‌ల ఒక పిలగాడు ఉండె. మారుమూల తండా నుంచి వచ్చిండు. కథ చెప్పుడు మొదలుపెడితే రాత్రి రెండు దాటేది. ‘ఇంద్ర’ సినిమాను సీన్ సీన్‌గ చెప్పేటోడు. ఏడ ఆపాల్నో, ఏడ గొంతు తగ్గియ్యాల్నో వానికి పుట్టుకతోనే తెలుసు. ఒకరోజు క్లాసుల నచ్చిన సినిమా గురించి ఇంగ్లిష్‌ల చెప్పమన్నరు. వాడు వచ్చీరాని ఇంగ్లిష్‌ల ‘ఇంద్ర’ అని మొదలుపెట్టంగనే క్లాసంతా నవ్వింది. చెప్పమన్న సారు కూడా నవ్విండు. వాడు కూసున్నడు. ఆ ఏడాది మళ్ల క్లాసుల లేచి మాట్లాడలే. రూమ్‌ల కథలు కూడా బంద్ పెట్టిండు.

ఆ నవ్వుల పోయింది ఒక సినిమా ఇజ్జత్ కాదు. చిరంజీవికి వచ్చిన నష్టం ఏం లేదు. ఒక కథ చెప్పే గొంతు పోయింది. తనకు నచ్చినదాన్ని నచ్చింది అని చెప్పనీకి భయపడేటోడు, తనకు అనిపించింది రాయనీకి, తీయనీకి, అడగనీకి కూడా భయపడుతడు. రేపు మన ఊర్ల కథలు చెప్పాల్సింది అసొంటి పిల్లలే. మన ఇండ్లల్ల సావుకు ఎట్ల ఏడుస్తరు, పెండ్లికి ఎట్ల ఎగురుతరు, దేనికి కడుపునిండ నవ్వుతరు అన్నది పుస్తకాలల్ల దొరకదు. అది చూసి పెరిగినోళ్లే చెప్పాలె.

అందుకే తమ్మీ, చెల్లే, ఎవరన్న అడిగితే నీ సినిమా పేరు నువ్వు చెప్పు. ఎందుకు నచ్చిందో రెండు మాటలు కలిపి చెప్పు. ‘ఊకనే నచ్చింది’ అన్నా తప్పు లేదు, కానీ కారణం ఎతికితే నీ గురించి నీకే కొత్తది తెలుస్తది. ఎదుటోడు చెప్పినప్పుడు నవ్వకు, ఇను. వాళ్లకు నచ్చిన సినిమా ఒకటి చూడు, నీకు నచ్చింది ఒకటి చూపియ్యి. నచ్చకపోతే నచ్చలేదని మొఖం మీదనే చెప్పు. సినిమా గురించి చెప్పు. మనిషి జోలికి పోకు.